పదమూడు వలసలు ఒక దేశమైన వైనం

అమెరికా అనగానే మనకు ఆకాశాన్నంటే మేడలు, డాలర్లు, చంద్రమండలం మీద కాలు మోపిన మనుషులు గుర్తుకొస్తారు. ఇవాళ మన జిల్లాల నుంచి ఎన్నో ఇళ్ల పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ ఆ దేశం వెళ్తున్నారు. అయితే ఆ దేశం ఎలా పుట్టిందో మనలో చాలామందికి బడిలో చదువుకున్న నాలుగు ముక్కలే తెలుసు. బోస్టన్ తేనీటి విందు గురించి వ్రాయుము, ఐదు మార్కులు. అంతటితో సరి. నిజానికి ఆ కథలో మన బందరు రేవు ఉంది, మైసూరు హైదర్ అలీ ఉన్నాడు, మొరాకో సుల్తాన్ ఉన్నాడు, సంకెళ్లలో ఉండి కూడా అరబ్బీ మరచిపోని మనుషులున్నారు. సావనీరు కోసం ఏదైనా చరిత్ర విషయం రాయమని మిత్రులు కోరినప్పుడు, ఆ కథనే కొంత వివరంగా చెబుదామనిపించింది.

మొదలు పెట్టింది రాజులు కాదు, వర్తకులు. 1600లో ఎలిజబెత్ రాణి ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. 1606లో ఆమె తర్వాత వచ్చిన జేమ్స్ రాజు వర్జీనియా కంపెనీకి ఇచ్చాడు. రెండూ లండన్ షావుకార్లు వాటాలు వేసుకుని పెట్టిన వ్యాపార సంస్థలే. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు ఓడలు నడిపింది. 1607 మే నెలలో నూటనాలుగు మంది మగవాళ్లు, కుర్రవాళ్లు వర్జీనియా తీరంలో దిగి జేమ్స్‌టౌన్ అనే కోట కట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, 1611లో, గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్న మచిలీపట్నం చేరింది. ఇక్కడికి వచ్చినవాళ్లు సుల్తాన్ అధికారుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, సుంకం చెల్లించి, అద్దకం గుడ్డలు కొనుక్కున్నారు. అక్కడ దిగినవాళ్లు అప్పటికే ఆ నేల మీద ఉన్న పౌహాటన్ తెగలవారి భూములు ఆక్రమించారు. మనుషులు ఒకటే, బుద్ధులూ ఒకటే. ఎదుటివారి బలాన్ని బట్టి నడత మారింది, అంతే.

జేమ్స్‌టౌన్ వాళ్లకు మొదట్లో బంగారం దొరకలేదు సరికదా, తిండి కూడా దొరకలేదు. 1609-10 చలికాలంలో వందలమందిలో అరవై మంది దాకా మాత్రమే మిగిలారు. కుక్కల్ని, ఎలుకల్ని తిన్నారు. తర్వాత జాన్ రోల్ఫ్ అనే అతను 1612 ప్రాంతంలో ఒక మేలురకం పొగాకు విత్తనం తెచ్చి వేశాడు. అది లండన్‌లో బాగా అమ్ముడుపోయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు వర్జీనియా అనే మాట కొత్త కాదు. మన వాళ్లు బ్యారన్‌లో కాల్చే ఆ పొగాకుకు పేరు వచ్చింది ఆ వలస మూలంగానే. పొగాకుకు ఎంత చాకిరీ కావాలో పండించిన వాళ్లకు తెలుసు. ఆ చాకిరీకి మనుషులు కావలసి వచ్చారు.

1619లో కొద్ది వారాల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి. జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో వలసవాసుల ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది. అమెరికాలో ఎన్నికైన శాసనసభకు అదే ఆరంభం. ఆగస్టు చివర అదే తీరానికి ఒక ఓడ వచ్చి, పోర్చుగీసు బానిసల ఓడ నుంచి కొల్లగొట్టిన ఇరవై చిల్లర మంది ఆఫ్రికా మనుషుల్ని ఇచ్చి, ఆహార పదార్థాలు తీసుకుపోయింది. ప్రజాస్వామ్యమూ, బానిసత్వమూ ఆ గడ్డ మీద ఒకే ఏడు కాలు పెట్టాయి. తర్వాతి రెండున్నర శతాబ్దాల అమెరికా చరిత్ర అంతా ఈ రెండింటి పేచీయే అంటే అతిశయోక్తి కాదు.

ఉత్తరాన మరో కథ. ఇంగ్లండు చర్చితో పొసగని ప్యూరిటన్లు తమ మతం తాము నిర్భయంగా ఆచరించుకోవాలని బయలుదేరారు. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణీకులు ప్లిమత్‌లో దిగారు. మొదటి చలికాలంలోనే ఇంచుమించు సగం మంది పోయారు. 1630 నుంచి మసాచుసెట్స్‌కు వేల సంఖ్యలో వచ్చారు. మత స్వేచ్ఛ కోసం ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటినవాళ్లు ఎదుటివాడికి ఆ స్వేచ్ఛ ఇచ్చారా అంటే, లేదు. ప్రభుత్వానికి మనిషి మనస్సాక్షి మీద అధికారం లేదని చెప్పిన రోజర్ విలియమ్స్‌ను వెళ్లగొట్టారు. అతను 1636లో మూలవాసుల దగ్గర స్థలం తీసుకుని ప్రావిడెన్స్ ఊరు కట్టాడు, అదే రోడ్ ఐలండ్ అయింది. క్వేకర్ మతస్తురాలు మేరీ డయ్యర్‌ను 1660లో బోస్టన్‌లో ఉరి తీశారు. హింస పడినవాడు అధికారం రాగానే హింసించేవాడు కావడం అన్ని దేశాల్లోనూ, అన్ని మతాల్లోనూ చూస్తున్నదే. ఆ క్వేకర్లలోనే ఒకడు, విలియం పెన్, 1681లో పెన్సిల్వేనియాకు పట్టా సంపాదించి అన్ని శాఖల వాళ్లనూ రమ్మన్నాడు. జర్మన్లు, డచ్చివారు, ఐర్లండు వాళ్లు వచ్చి పడ్డారు. అమెరికాకు తర్వాత వచ్చిన మత స్వేచ్ఛ బోస్టన్ సంస్కారం కంటే ఈ ఫిలడెల్ఫియా అలవాటుకే ఎక్కువ రుణపడి ఉంది.

1732లో జార్జియాకు పట్టా వచ్చేసరికి వలసలు పదమూడయ్యాయి. మధ్యలో ఒక చిన్న ముచ్చట. కనెక్టికట్ వలసలో ఒక కాలేజీ డబ్బు లేక అవస్థ పడుతుంటే, 1718లో ఎలీహు యేల్ అనే పెద్దమనిషి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం ఒకటి పంపాడు. సరుకు అమ్మితే 560 పౌండ్ల దాకా వచ్చింది. కృతజ్ఞతగా కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఈయన పుట్టింది బోస్టన్‌లో, సంపాదించింది మద్రాసులో. 1687 నుంచి 1692 వరకు సెయింట్ జార్జి కోట గవర్నరుగా ఉండి, కంపెనీ వ్యాపారం పక్కన సొంత వ్యాపారం చేసుకుని కోటీశ్వరుడయ్యాడు. మన కోరమండల్ తీరపు డబ్బుతో యేల్ విశ్వవిద్యాలయం పేరు నిలిచిందని ఇవాళ అక్కడ చదివే మన పిల్లలు ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఇక అసలు తగాదాకు వద్దాం. ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ 1756 నుంచి 1763 వరకు ఏడేళ్ల యుద్ధం జరిగింది. అమెరికా అడవుల్లో అది రెండేళ్ల ముందే రాజుకుంది. ఇది ప్రపంచమంతా పాకిన యుద్ధం. 1758 డిసెంబరులో గోదావరి ప్రాంతంలో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి రాజు సాయంతో, ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. అదే ఏడు సెప్టెంబరులో అక్కడ కెనడాలో క్విబెక్ పడిపోయింది. బందరులోనూ, క్విబెక్‌లోనూ ఒకే ఏడాది ఫ్రెంచి జెండా దిగింది. గెలుపు బాగానే ఉంది గాని, ఇంగ్లండు ప్రభుత్వం అప్పు ఇంచుమించు రెట్టింపయింది. ఆ అప్పు ఎవరు తీర్చాలి? ఇక్కడ కంపెనీ 1765లో మొగల్ పాదుషా షా ఆలం దగ్గర బెంగాల్ దివానీకీ, ఉత్తర సర్కారులకూ ఫర్మానాలు పుచ్చుకుంది. అక్కడ అదే 1765లో పార్లమెంటు స్టాంపు చట్టం చేసింది.

స్టాంపు కాగితం అంటే ఏమిటో మనకు చెప్పనక్కరలేదు. దస్తావేజులు, కోర్టు కాగితాలు, వార్తాపత్రికలు, చివరికి పేకముక్కల మీద కూడా సుంకం ముద్ర ఉండాలన్నారు. ఆ డబ్బు మరీ అంత పెద్ద మొత్తం కాదు. ఇంగ్లండులో జనం అప్పటికే అంతకంటే ఎక్కువ కడుతున్నారు. వలసవాళ్ల అభ్యంతరం మొత్తం గురించి కాదు, మా ప్రతినిధి ఒక్కడూ లేని సభ మా జేబులో చెయ్యి ఎలా పెడుతుంది అని. అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కులో కలిశారు. ఒకరి మొహం ఒకరు చూడని వలసలు ఒకచోట కూర్చోవడమే పెద్ద విశేషం. ఇంగ్లీషు సరుకులు కొనమన్నారు. 1766లో చట్టం రద్దయింది, కాని ఏ విషయంలోనైనా మీ మీద శాసనం చేసే హక్కు మాకుందని పార్లమెంటు అదే రోజుల్లో ఇంకో చట్టం చేసి పెట్టుకుంది. కాగితం చించి సిరాబుడ్డి దాచుకున్నట్టుంది వాళ్ల వరస.

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద కొత్త సుంకాలు వచ్చాయి. బోస్టన్‌లో సైన్యాన్ని దింపారు. 1770 మార్చి 5న గుంపు రాళ్లూ మంచుగడ్డలూ విసిరితే సిపాయిలు కాల్చారు. ఐదుగురు చనిపోయారు, మొదట పడినవాడు క్రిస్పస్ ఆటక్స్ అనే నల్లజాతి నావికుడు. ఆ సిపాయిల తరఫున వాదించడానికి ముందుకొచ్చిన వకీలు జాన్ ఆడమ్స్, స్వాతంత్ర్యవాదుల్లో ముఖ్యుడు, తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడు. జనం తిట్టుకున్నా కేసు వదల్లేదు. ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు, ఇద్దరికి తక్కువ నేరం కింద శిక్ష పడింది. ఊరంతా ఒకవైపున్నప్పుడు కూడా ముద్దాయికి వకీలు దొరకాలన్న నియమం ఆ ఉద్యమం మొదట్లోనే నిలబడింది. నా దృష్టిలో టీ పెట్టెలు పారబోయడం కంటే ఇది పెద్ద సంగతి.

సుంకాలన్నీ ఎత్తేసి టీ మీద మాత్రం ఉంచారు, పవును టీకి మూడు పెన్నీలు. ఈలోగా ఈస్టిండియా కంపెనీ చిక్కుల్లో పడింది. 1769లో హైదర్ అలీ మద్రాసు గుమ్మం దాకా వచ్చి తనకు కావలసిన సంధి రాయించుకున్నాడు. ఆ యుద్ధం కబుర్లకు లండన్‌లో కంపెనీ వాటాల ధర పడిపోయింది. 1769-70లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చింది, మూడోవంతు జనం పోయారని ఆనాటి ఇంగ్లీషు అధికారులే అంచనా కట్టారు. కంపెనీ ఖజానా ఖాళీ అయింది, లండన్ గిడ్డంగుల్లో టీ పేరుకుపోయింది. 1773లో ప్రభుత్వం కంపెనీకి పద్నాలుగు లక్షల పౌండ్ల అప్పు ఇచ్చి, అమెరికాలో నేరుగా టీ అమ్ముకునే హక్కు కూడా ఇచ్చింది. టీ ధర తగ్గింది నిజమే. కాని స్థానిక వర్తకుల నోట మట్టి పడింది, సుంకం మాత్రం అలాగే ఉంది. పెన్సిల్వేనియా న్యాయవాది జాన్ డికిన్సన్ ఆ ఏడాది రాసిన లేఖలో ఈ కంపెనీ ఆసియాలో ఏం చేసిందో చూడండి, బియ్యం గుత్తకు పట్టి లక్షల మందిని ఆకలితో చంపిందని హెచ్చరించాడు. బెంగాల్ ఆకలి చావులు బోస్టన్ వీధుల్లో కోపానికి ఒక కారణమయ్యాయన్న మాట. ఈ ముక్క మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

1773 డిసెంబరు 16 రాత్రి కొందరు మూలవాసుల వేషం వేసుకుని మూడు ఓడలెక్కి 342 టీ పెట్టెలు సముద్రంలో కుమ్మరించారు. దానికి విందు అన్న పేరు చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అది మన దేశపు టీ అనుకుంటారు చాలామంది. కాదు, చైనా టీ. అస్సాంలో తేయాకు సాగు మరో అరవై ఏళ్లకు గాని మొదలవలేదు.

శిక్షగా బోస్టన్ రేవు మూసేశారు, మసాచుసెట్స్ శాసనసభ అధికారాలు కుదించారు. దాంతో 1774 సెప్టెంబరులో పన్నెండు వలసలు ఫిలడెల్ఫియాలో కాంగ్రెసు జరిపాయి. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్‌టన్, కాంకర్డ్ ఊళ్ల దగ్గర తుపాకులు పేలాయి. అప్పటికి కూడా చాలామంది రాజుతో రాజీ కుదురుతుందనే అనుకున్నారు. 1776 జనవరిలో టామస్ పెయిన్ రాసిన కామన్ సెన్స్ అనే చిన్న పుస్తకం ఆ భ్రమ పోగొట్టింది. చదువురాని వాడికి చదివి వినిపిస్తే అర్థమయ్యే భాషలో రాశాడు. జూలై 2న కాంగ్రెసు స్వాతంత్ర్యానికి వోటు వేసి, 4న ప్రకటనను ఆమోదించింది. రాసింది ముప్ఫైమూడేళ్ల టామస్ జెఫర్సన్. మనుషులంతా సమానులుగా సృష్టించబడ్డారని అందులో ఉంది. రాసినవాడికి తన జీవితకాలం మొత్తం మీద ఆరువందల మందికి పైగా బానిసలుండేవారు. బానిసల వ్యాపారాన్ని దూషిస్తూ ముసాయిదాలో ఆయన రాసిన పేరాను సభ కొట్టేసింది. ఆ ఏడు మార్చిలో జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్, మీరు చేసే కొత్త చట్టాల్లో ఆడవాళ్లను మరవకండని భర్తకు ఉత్తరం రాసింది. ఆయన నవ్వులాటగా తీసుకున్నాడు. దేశమంతటా స్త్రీలకు వోటు 1920లో గాని రాలేదు.

యుద్ధం ఎనిమిదేళ్లు నడిచింది. వాషింగ్టన్ గెలిచిన పోరాటాలు తక్కువ, చెదరకుండా నిలబెట్టిన సైన్యమే ఆయన గొప్ప. 1777 అక్టోబరులో సరటోగా దగ్గర ఒక ఇంగ్లీషు సైన్యం లొంగిపోయాక ఫ్రాన్సు ధైర్యం చేసి 1778లో ఒప్పందం చేసుకుంది. దాంతో యుద్ధం మళ్లీ మన తీరానికి కూడా వచ్చింది. 1780 సెప్టెంబరులో హైదర్, టిప్పు కలిసి పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టారు. ఆ పేరు అమెరికా దాకా వెళ్లింది. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో తనకంటే బలమైన ఇంగ్లీషు ఓడ జనరల్ మంక్‌ను పట్టుకున్న పెన్సిల్వేనియా ఓడ పేరు హైదర్ అలీ. ఆ డిసెంబరులోనే హైదర్ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. తన పేరుతో ఒక ఓడ అమెరికా వాళ్ల జెండా కింద పోరాడిందని ఆయనకు తెలిసి ఉండదు.

అంతకు ముందే, 1781 అక్టోబరు 19న, యార్క్‌టౌన్‌లో లార్డ్ కారన్‌వాలిస్ ఏడు వేల పైచిలుకు సైన్యంతో లొంగిపోయాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి కత్తి అప్పగించడానికి కిందివాడిని పంపాడు. ఇలా ఓడినవాణ్ణి ఇంటికి పంపించేస్తారనుకుంటాం. అయిదేళ్లు తిరక్కముందే మన దేశానికి గవర్నర్ జనరల్‌గా పంపారు. 1788లో నిజాం దగ్గర గుంటూరు సర్కారు తీసుకున్నాడు. 1792లో నిజాం, మరాఠాలను వెంటబెట్టుకుని టిప్పు సుల్తాన్ సగం రాజ్యం, ఇద్దరు కొడుకుల్ని జామీనుగా పుచ్చుకున్నాడు. ఆ పంపకంలోనే కడప ప్రాంతం నిజాంకు వచ్చి, 1800లో దత్త మండలాల్లో భాగంగా కంపెనీకి పోయింది. 1793లో బెంగాల్‌లో శాశ్వత పైసలా పెట్టాడు, అదే పద్ధతి 1802 నుంచి మన సర్కారు జిల్లాల జమీందారీలకు వచ్చింది. పోగొట్టుకున్న సామ్రాజ్యంలో నేర్చిన పాఠాలు ఇక్కడ గట్టిగా అమలు చేశాడు. వాళ్ల విడుదలకూ మన బందిఖానాకూ ఒకే మనిషి సాక్షి.

1783 సెప్టెంబరు 3న పారిస్ సంధితో ఇంగ్లండు వలసల స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది. అంతకు దాదాపు ఆరేళ్ల ముందే, 1777 డిసెంబరులో, మొరాకో సుల్తాన్ సీదీ ముహమ్మద్ బిన్ అబ్దుల్లా అమెరికన్ ఓడలు తన రేవుల్లోకి స్వేచ్ఛగా రావచ్చని ప్రకటించాడు. ఐరోపా రాజులు ఇంకా ఎటూ తేల్చుకోని రోజులవి. ఒప్పందం సంగతి అమెరికావాళ్లు పట్టించుకోకపోతే 1784లో వాళ్ల ఓడ ఒకటి పట్టుకుని ఉంచి గుర్తు చేశాడు, తర్వాత వదిలేశాడు. 1786లో స్నేహ సంధి కుదిరింది. 1789 డిసెంబరులో అధ్యక్షుడు వాషింగ్టన్ ఆ సుల్తాన్‌కు ఉత్తరం రాస్తూ జవాబు ఆలస్యమైనందుకు విచారం తెలిపి, మా దేశంలో బంగారు గనులూ వెండి గనులూ లేవు, ఇప్పుడిప్పుడే యుద్ధం నుంచి తేరుకుంటున్నామని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. కొత్తగా కాపురం పెట్టినవాడు పెద్దింటివాడికి రాసిన ఉత్తరంలా ఉంటుంది అది.

స్వతంత్రం వచ్చింది గాని దేశం ఇంకా రాలేదు. 1781లో అమల్లోకి వచ్చిన తొలి ఒడంబడిక ప్రకారం కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను చందా ఇవ్వమని అడగాలి, ఇస్తే పుచ్చుకోవాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి. సంఘాల్లో కోశాధికారులుగా పనిచేసిన వాళ్లకు ఈ బాధ వివరించనక్కరలేదు! దిగుమతుల మీద నూటికి ఐదు సుంకం వేద్దామంటే 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే కాదంది, అంతే, ఆగిపోయింది. సిపాయిలకు జీతాల బాకీ. పొలాలు అప్పుల కింద జప్తు అవుతుంటే మసాచుసెట్స్ రైతులు 1786లో కోర్టులు మూయించారు. వాళ్ల నాయకుడు డేనియల్ షేస్, స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పోరాడినవాడే. 1787 జనవరిలో ఆయుధాగారం దగ్గర కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఆస్తిపరులు బెదిరిపోయారు.

ఆ మే నెలలో ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు కూర్చున్నారు. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు. వేసవి ఎండలో తలుపులు బిగించుకుని నాలుగు నెలలు వాదించుకున్నారు. పెద్ద రాష్ట్రాలు జనాభా లెక్కన సీట్లు కావాలన్నాయి, చిన్నవి అందరికీ సమానంగా కావాలన్నాయి. చివరికి ఒక సభ అలా, ఒక సభ ఇలా అని తెగింది. బానిసల దగ్గర మాత్రం రాజీ సిగ్గుమాలినదిగా ఉంది. వోటు లేని బానిసల్ని సీట్ల లెక్కకు మాత్రం ఐదుగురిని ముగ్గురిగా లెక్కించారు. దాంతో యజమానులకు అదనపు సీట్లు దక్కాయి. బానిసల దిగుమతిని 1808 వరకు నిషేధించకూడదన్నారు. పారిపోయినవాణ్ణి పట్టి అప్పగించాలన్నారు. ఇంత చేసి, బానిస అనే మాట మాత్రం ఎక్కడా రాకుండా జాగ్రత్తపడ్డారు. 1790 జనాభా లెక్కల్లో 39 లక్షల మందిలో దాదాపు 7 లక్షల మంది బానిసలు.

సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు పెట్టారు. ఆ రాజ్యాంగంలో ఆరవ అధికరణం చివర ఒక చిన్న వాక్యం ఉంది. కేంద్ర ప్రభుత్వంలో ఏ ఉద్యోగానికైనా, పదవికైనా మత పరీక్ష పెట్టకూడదని. దాని మీద జరిగిన వాదన మన సభ్యులకు ప్రత్యేకంగా తెలియాలి.

1788 జూలైలో ఉత్తర కరోలినా రాష్ట్రం హిల్స్‌బరోలో సభ చేసి రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని చర్చించింది. మత పరీక్ష లేకపోతే అన్యమతస్తులు, నాస్తికులు, మహమ్మదీయులు కూడా పదవుల్లోకి రావచ్చునని జనం భయపడుతున్నారని హెన్రీ ఆబట్ అనే సభ్యుడు లేచి చెప్పాడు. జేమ్స్ ఐర్‌డెల్ జవాబిచ్చాడు. మనం కావాలంటున్న మత స్వేచ్ఛను తీసివేయకుండా ఒక వర్గాన్ని బయట పెట్టడం ఎలా సాధ్యం అని అడిగాడు. ఒకర్ని బయటపెట్టడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందన్నది ఆయన ప్రశ్న. అంతటితో ఆగి ఉంటే ఎంతో బాగుండేది. తమ మతానికి భిన్నమైన మతంవాణ్ణి జనం ఎన్నుకుంటారని అనుకోనక్కరలేదని కూడా అభయమిచ్చాడు! హక్కు ఉంటుంది, వోటు పడదు అని. ఆ సభ అప్పటికి రాజ్యాంగాన్ని ఒప్పుకోలేదు. మరుసటి ఏడు నవంబరులో ఫయెట్‌విల్ అనే ఊళ్లో కూర్చున్న సభ ఒప్పుకుంది. పైగా ఈ నియమం కేంద్రానికే. ఉత్తర కరోలినా సొంత రాజ్యాంగంలో పదవికి ప్రొటెస్టెంట్ అయి ఉండాలన్న షరతు 1835 వరకు నడిచింది. ఆ ఏడు ప్రొటెస్టెంట్ అన్న మాట క్రైస్తవుడు అని మారింది, 1868లో అదీ పోయింది. మసాచుసెట్స్‌లో చర్చి పన్ను 1833 దాకా ఉంది.

వర్జీనియా మాత్రం ముందుంది. అక్కడ బాప్టిస్టు బోధకులను లైసెన్సు లేదని జైల్లో పెట్టిన రోజులు చూసిన జెఫర్సన్ 1777లో మత స్వేచ్ఛ చట్టం ముసాయిదా రాశాడు. 1786 జనవరిలో జేమ్స్ మాడిసన్ దాన్ని శాసనసభలో గట్టెక్కించాడు. అందులో ఏసుక్రీస్తు పేరు చేర్చాలన్న సవరణ వీగిపోయింది. యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, హిందువులు, నమ్మకం లేనివాళ్లు, అందరికీ దాని నీడ ఉండాలన్నదే ఉద్దేశమని జెఫర్సన్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన న్యాయశాస్త్రం చదువుకునే రోజుల్లో, 1765లో, జార్జి సేల్ చేసిన ఖురాన్ ఇంగ్లీషు అనువాదం కొన్నాడు. ఆ ప్రతి ఇప్పటికీ వాషింగ్టన్ నగరంలోని కాంగ్రెసు గ్రంథాలయంలో ఉంది. 2007 జనవరిలో కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ముస్లిం, కీత్ ఎలిసన్, ప్రమాణం చేసింది ఆ ప్రతి మీదే. ఐర్‌డెల్ గారి జోస్యానికి 218 ఏళ్ల తర్వాత మిన్నెసోటా వోటర్లు జవాబు చెప్పారు.

రాజ్యాంగం అంచుల మీద నెగ్గింది. మసాచుసెట్స్‌లో 187-168, వర్జీనియాలో 89-79, న్యూయార్కులో 30-27. పౌరుల హక్కులు రాసి ఇవ్వందే ఒప్పుకోమని చాలామంది పట్టుబట్టారు. 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ ప్రమాణం చేశాడు. 1791 డిసెంబరు 15న పది సవరణలు చేరాయి. మొదటిదానిలోనే ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదని, మత స్వేచ్ఛ, వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, సభ జరుపుకునే హక్కు ఉన్నాయి. గమనించాలి, ఈ హక్కులు పెద్దలు దయతలచి ఇచ్చినవి కావు. రాజ్యాంగాన్ని అనుమానించి ఎదురు తిరిగిన వాళ్లు పట్టుబట్టి రాయించినవి. మన రాజ్యాంగం తయారవుతున్నప్పుడు సలహాదారు బి.ఎన్.రావు 1947లో అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చారు. మన ప్రాథమిక హక్కుల అధ్యాయంలో ఆ పది సవరణల జాడ కనిపిస్తుంది.

హిల్స్‌బరో సభలో మహమ్మదీయుల్ని ఎక్కడో దూరాన ఉన్న వాళ్లలాగా మాట్లాడుకున్నారు గాని, వాళ్లు అప్పటికే ఆ దేశంలో ఉన్నారు. పొలాల్లో. పశ్చిమ ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల్లో ముస్లింలు ఎంతోమంది. బుందు ప్రాంతపు ఆలిం కుటుంబానికి చెందిన అయ్యూబ్ సులైమాన్ 1731లో మేరీలాండ్ పొగాకు తోటకు అమ్ముడుపోయాడు. నిజం చెప్పాలంటే ఆయన కూడా అంతకు ముందు ఇద్దరు బానిసల్ని అమ్మడానికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో శత్రువులకు చిక్కినవాడే. తండ్రికి అరబ్బీలో రాసిన ఉత్తరం లండన్ పెద్దల కంటబడి 1733లో ఇంగ్లండు చేరాడు. అక్కడ చూడకుండా మూడు ఖురాన్ ప్రతులు రాశాడు. 1734లో స్వదేశం వెళ్లగలిగాడు. ఆ అదృష్టం పట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగిన వాళ్లు.

ఉమర్ బిన్ సయీద్‌కు పట్టలేదు. ఫూతా తోరోలో పాతికేళ్లు చదువుకున్న ఆయన్ను 1807లో, దిగుమతి నిషేధానికి కొద్ది నెలల ముందు, చార్లెస్టన్ రేవులో అమ్మారు. యజమాని క్రూరుడు కావడంతో పారిపోయి ఉత్తర కరోలినా చేరి 1810 ప్రాంతంలో ఫయెట్‌విల్‌లో పట్టుబడ్డాడు. రాజ్యాంగాన్ని ఒప్పుకున్న సభ కూర్చున్న ఊరే అది. జైలు గోడల మీద బొగ్గుతో అరబ్బీ రాస్తుంటే ఊరి జనం వింతగా చూడటానికి వచ్చారట. తర్వాత ఓవెన్ కుటుంబం ఆయన్ను కొనుక్కుంది. 1831లో తన జీవితకథను అరబ్బీలో రాశాడు. దాని మొదట సూరా ముల్క్ రాసుకున్నాడు, సర్వాధికారం ఎవరిదో చెప్పే సూరా. 1865లో బానిసత్వం రద్దు కాకముందే ఆ ఇంట్లోనే పోయాడు. ఆ రాతప్రతిని కాంగ్రెసు గ్రంథాలయం 2017లో కొని, 2019లో అంతర్జాలంలో పెట్టింది. అరబ్బీ చదవగలిగిన మన పిల్లలు ఇప్పుడు దాన్ని ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.